శుక్రవారం చేతులు

"డబ్బాల మెడకున్న ఆ దారాలన్ని కత్తిరించు. అసర్ నమాజు అయినంక దిలావర్ వస్తడు సామాను చూసుకోనీకి. గిట్ల తాళ్ళు కట్టిన డబ్బాలు ఎవరు తీసుకుంటరు?" అని చెప్పి నా భర్త లింబాద్రి పొద్దున్నే సులైలోని తన గోదాముకు వెళ్ళిపోయాడు. దిలావర్ అంటే, జనం ఖాళీ చేసి వెళ్ళే ఇళ్ళలో పాత సామాను కొనుక్కుపోయే పాకిస్తానీ. ఈ ఆరు నెలల్లో ఈ గల్ఫ్ పట్నంలో, మలాజ్ పేటలో మా ఒక్క వీధిలోనే తొమ్మిది కుటుంబాల బీరువాలు, మంచాలు, ఉయ్యాలలు అతని బండి ఎక్కాయి.

నేను కత్తెర పట్టుకుని వంటగట్టు ముందు నిలబడ్డాను. ముప్ఫై నాలుగు డబ్బాలు. పాలపొడి డబ్బాలు, జామ్ సీసాలు, మూత ఉన్న ఖర్జూరం డబ్బాలు. ప్రతిదాని మెడకి ఒక రంగు దారం, దారానికి ముడులు. ఎర్రదారం ఒక ముడి కారం, రెండు ముడులు ఎండుమిర్చి. తెల్లదారం ఒక ముడి ఉప్పు, రెండు చక్కెర, మూడు బియ్యప్పిండి. పసుపు దారాలు పప్పులు. ఐదేళ్ళుగా ఈ వంటింట్లో నేను ఏ డబ్బా మూతా తీసి చూడాల్సిన అవసరం రాలేదు. పాప లెక్కలు దిద్దుతూనో, ఫోన్లో అత్తగారి మాట వింటూనో చెయ్యి చాపితే వేలికి ముడి తగిలేది. అంతే. కత్తెర తెరిచి మొదటి దారం కిందకి పోనిచ్చాను కానీ మూయలేకపోయాను. తర్వాత చేద్దామని పక్కన పెట్టి, పాత లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. దిలావర్ వచ్చేలోగా అందులోవన్నీ తీసి దాన్ని కూడా ఖాళీ చేసి ఇవ్వాలి.

మేం వెళ్ళిపోతున్నాం. మేం అంటే నేనూ, మా పాప మనస్వీ. భర్త ఇకామా, అంటే నివాస అనుమతి, మీద ఉండే భార్యాపిల్లలకి కట్టాల్సిన లెవీ కిందటేడు మొదలైంది. ఈ జూలైకి రెట్టింపవుతుంది. వచ్చే ఏడు ఇంకా పెరుగుతుందట. లింబాద్రి ఒక రాత్రి భోజనం చేస్తూ, "మీరిద్దరు పోండి. నేను కంపెనీ క్యాంపుల ఉండి ఇంకో రెండేండ్లు చేస్త" అన్నాడు. నన్ను అడగడం కాదు, చెప్పడం. నేను పెరుగు గిన్నె ఆయన ముందుకు జరిపాను. జూన్ పదహారుకి, మళ్ళీ తిరిగి రాకుండా వెళ్ళే ఫైనల్ ఎగ్జిట్ పడింది.

లాప్‌టాప్‌లో ఉన్నది నా బ్లాగు. దాని పేరు 'శుక్రవారం పెట్టె'. దాన్ని పుస్తకంగా వేస్తామని హైదరాబాదులో ఇద్దరు స్త్రీలు నడుపుతున్న చిన్న ప్రచురణ సంస్థ మూడు నెలల క్రితం రాసింది. పోస్టులన్నీ వరసగా ఒక ఫైలులో పెట్టి, ముందుమాట రాసి పంపాలి. అట్ట మీదికి వాళ్ళు ఎంచుకున్న బొమ్మ, సీసా మెడకి ఎర్రదారం చుడుతున్న రెండు చేతులు. పోస్టులు సర్దడం అయిపోయింది. ముందుమాటే మిగిలింది. 'నా వంటిల్లు' అని మొదలుపెట్టి నాలుగుసార్లు కొట్టేశాను.

ఆ చేతులు నావి కావు.

రెండువేల పదమూడులో, ఉద్యోగాలు ముందు ఇక్కడివాళ్ళకేననే నితాఖత్ గొడవ మొదలైనప్పుడు, నేను ఇక్కడి ఇండియన్ బడిలో మూడో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. నాలాంటి చాలామంది టీచర్లం భర్తల ఇకామా మీద ఉన్నవాళ్ళమే. నా ఇకామాలో పని చేయడానికి అనుమతి లేదని స్పష్టంగా రాసి ఉంటుంది. అంతకుముందు దాన్ని ఎవరూ చదవలేదు. ఒకరోజు తనిఖీకి వస్తున్నారని తెలిసి, మమ్మల్ని వెనక గేటు నుంచి వెళ్ళిపొమ్మన్నారు. బోర్డు మీద తీసివేత లెక్క సగంలో ఉంది. పదుల స్థానంలో అప్పు తెచ్చుకున్నాం, ఇంకా తీసివేయలేదు. పిల్లలు చూస్తుండగా సంచి తీసుకుని వెళ్ళిపోయాను. మూడు రోజులు ఇంట్లో ఉండమన్నది పద్నాలుగు నెలలు అయింది.

"మంచిదే అయింది. ఇగ పాపకు టైము ఇస్తవు" అన్నాడు లింబాద్రి. జగిత్యాల నుంచి అత్తగారు ఫోన్ చేసి, ఇంట్లోనే ఉంటున్నాను కాబట్టి పచ్చళ్ళు బయట కొనొద్దనీ, మరిది స్నేహితులు నలుగురు క్యాంపులో తిండికి ఇబ్బంది పడుతున్నారు కనుక శుక్రవారం వాళ్ళకీ వండమనీ చెప్పింది. ఇంట్లో ఉండటమంటే ఖాళీగా ఉండటమని అందరూ అనుకున్నారు. కొన్నాళ్ళకి నేనూ అనుకున్నాను. పొద్దున లేచి అల్మారాలు సర్దేదాన్ని. సర్దినవే మళ్ళీ సర్దేదాన్ని. పాలపొడి డబ్బాకి రంగు కాగితం అంటించడం, గుడ్ల అట్టతో గాజులు పెట్టుకునే స్టాండు చేయడం అలా మొదలయ్యాయి. చేసినవాటిని ఎవరికైనా చూపించాలనిపించి బ్లాగు తెరిచాను. మొదటి పోస్టుకి ఇద్దరు చదువరులు. అందులో ఒకరు నేనే.

మేం ఉండేది పాతకాలపు విల్లాలో పై అంతస్తు. కింద ఇంటి యజమానురాలు ఉమ్ సాలెహ్, వృద్ధురాలు. ఆమె ఇంట్లో పనిచేసేది చెంచులక్ష్మి. రాయచోటి దగ్గర పల్లె. వాళ్ళు ఆమెని 'లష్మీ' అని పిలిచేవాళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కొడుకులూ కోడళ్ళూ వెళ్ళిపోయి ముసలావిడ నిద్రపోతే, చెంచులక్ష్మికి రెండు గంటలు దొరికేవి. మెట్లు తుడవమని పంపేవాళ్ళు. మెట్లు తుడుస్తూ తుడుస్తూ ఒక శుక్రవారం మా గుమ్మం దాకా వచ్చింది.

"తెలుగోళ్ళా? పోపు వాసనకే అనుకున్యా" అంది. గోడకి ఆనుకుని కూర్చుని చాయ్ తాగింది. లేచి గ్లాసు కడగడానికి వంటింట్లోకి వెళ్ళింది. నేను వెళ్ళేసరికి తన కొంగు అంచు నుంచి ఎర్ర పోగు ఒకటి లాగి నా కారం డబ్బాకి కడుతోంది. నేను వాటి మీద తెలుగులో పొందికగా చీటీలు రాసి అంటించుకున్నాను. అవి చూపించాను.

"అవి మీకు మాట్లాడతాయి టీచరమ్మా. నాకు మాట్లాడవు" అంది.

కింద ఉమ్ సాలెహ్ వంటింట్లో డబ్బాల మీద అరబ్బీ అక్షరాలట. వచ్చిన కొత్తలో అతిథులకి పెట్టే తీపి పిండివంటలో చక్కెరకి బదులు ఉప్పు పోసింది. ఆ రోజు ఏం జరిగిందో చెప్పలేదు. "అప్పుడు కట్నా ఈ దారాలు. ముసలామెకిప్పుడు కండ్లు ఆనవు. ఆమె కూడా నా ముడులే తడుముకుంటాది" అని నవ్వింది.

ఆ వారం పోస్టు దారాల గురించి రాశాను. ఫోటో తీయడానికి రెండు చేతులు కావాలి, ముడి వేయడానికి రెండు చేతులు కావాలి. అందుకని ఆమెని కట్టమని నేను తీశాను. నిజంగా అంతే కారణం. ఆ పోస్టుని ఎవరో ఎవరికో పంపారు. నెల తిరిగేసరికి నాలుగువేల మంది చదివారు. 'మీ ఆలోచన ఎంత బాగుందో', 'మీ చేతుల్లో ఎంత పనితనమో' అని రాశారు. ఎవరివో చెప్పాల్సిన రోజు అదే. నేను 'ధన్యవాదాలు' అని రాశాను.

తర్వాత వచ్చిన శుక్రవారాలన్నీ నాకు ఒకే శుక్రవారంలా గుర్తున్నాయి. లింబాద్రి బత్తా బజారుకి, ఊరివాళ్ళని కలవడానికి వెళ్ళేవాడు. ఎడారి కూలర్ నీళ్ళ వాసన, కిటికీ తెర సందులోంచి చాప మీద పడే ఎండ, మనస్వి ఖర్జూరం గింజలతో లెక్కలు ఆడుకోవడం. ఖర్జూరం పెట్టెలతో సొరుగులు చేశాం. ఉమ్ సాలెహ్ పారేసిన నల్ల అబాయా గుడ్డకి నా పాత చీరల ముక్కలు కలిపి చెంచులక్ష్మి బొంత కుట్టింది. రెండు నెలలు పట్టింది. గింజలకి చిల్లులు పొడిచి నా తరగతి పిల్లల కోసం పదుల లెక్క నేర్పే దండలు గుచ్చింది. నేను అనుమతి కాగితం మీద మళ్ళీ బడికి వెళ్ళినప్పుడు అవి తీసుకువెళ్ళాను. ఆమె చేతులు పని చేస్తుంటే చూడటం ఒక విశ్రాంతి. పొట్టి వేళ్ళు, పగిలిన గోళ్ళు, దేనికీ తొందరపడని కదలిక. ఆమె తక్కువ మాట్లాడేది. నేను ఎక్కువ మాట్లాడేదాన్ని. బడిలో, ఇంట్లో నోరు విప్పి అనలేని మాటలన్నీ ఆమె ముందు చెప్పాను. ఆమె వినేది, పంటితో దారం తెంపేది.

ఫోటో విషయంలో మాత్రం ఆమెకి కొన్ని పట్టింపులు ఉండేవి. ముందు చేతులు రెండుసార్లు కడుక్కునేది. కొబ్బరినూనె అడిగి మోచేతుల దాకా రాసుకునేది. తీశాక, "బాగా పడినాయా సేతులు?" అని అడిగేది. ఫినాయిలుకి చర్మం చీలిన వారాల్లో, "ఈ వారం నా సేతులొద్దులే టీచరమ్మా, మీయే పెట్టండి" అనేది. సొగసు చూసుకుంటోందని లోపల నవ్వుకున్నాను. ఒకసారి మాత్రం బతిమాలింది. "రవ్వంత పైదాంక రానీయండి, ఈ పచ్చబొట్టు కనపడేట్టు." ఆమె కుడి మణికట్టు మీద ఐదు చుక్కల ముగ్గు, చుట్టూ ఒక తీగ. ఏదో జాతరలో పొడిపించుకుందట, తన కూతురిని ఒళ్ళో పెట్టుకుని, ఆ పిల్లకీ అదే పొడిపించిందట. కింది ఇంటివాళ్ళు ఎవరైనా చూస్తే గుర్తుపడతారు, నీకే ఇబ్బంది అని చెప్పాను. ఆమె సరేనంది. కింది ఇంటివాళ్ళు తెలుగు బ్లాగు చూస్తారా? పచ్చబొట్టున్న చెయ్యి టీచరు చెయ్యి కాదని నా చదువరులకి తెలిసిపోతుంది, అదీ అసలు సంగతి. ప్రతి ఫోటోనీ మణికట్టు దగ్గర కత్తిరించాను. రెండువందల పదకొండు ఫోటోలు.

మనస్వికి ఆరేళ్ళప్పుడు ఒళ్ళో కూర్చుని చూస్తూ, "అమ్మా, ఇవి నీ చేతులు కావు కదా?" అంది. ఇది మనం ఆడే ఆట, ఎవరికీ చెప్పకూడదన్నాను. పిల్లలకి అబద్ధం తప్పని చెప్పి జీతం తీసుకునేదాన్ని.

ఈ ఆట నేనొక్కదాన్నే ఆడలేదు. లింబాద్రి తన గోదాములో మేకులు, బోల్టుల పెట్టెలకి రంగు దారాలు కట్టించాడు. సైజుకో రంగు, పొడవుకో ముడి. బెంగాలీ కుర్రాళ్ళు, నేపాలీలు, మనవాళ్ళు, ఎవరికీ ఏ భాషా చదవాల్సిన పని లేకుండా సామాను దొరికేది. కంపెనీవాళ్ళు ఫ్రేము కట్టి సర్టిఫికెట్ ఇచ్చారు. హాల్లో గోడకి మేకు కొట్టి తగిలించాడు. వచ్చినవాళ్ళకి, "ఇంట్ల మా మేడమ్ డబ్బాలకు కడ్తది గాని, గోదాముల కట్టుడు నా ఐడియా" అని చెప్పేవాడు. నాకు ముల్లు గుచ్చుకున్నట్టు ఉండేది. నా ఆలోచన నా పేరు లేకుండా పోయిందని వారం రోజులు ముభావంగా ఉన్నాను. నా ఆలోచన అనే అనుకున్నాను. ఆ వారం కూడా ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుని బొంత కుట్టింది.

ఈ ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున, నేను బడికి బయల్దేరుతుంటే ఉమ్ సాలెహ్ పెద్దకొడుకు వచ్చి తలుపు కొట్టాడు. కిందకి వెళ్ళాను. చెంచులక్ష్మి వంటింట్లో ఫ్రిజ్‌కి ఆనుకుని కూర్చుని ఉంది. ఒక్క నిమిషం నడుము వాల్చినట్టే ఉంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. వేళ్ళ మధ్య పిండి ఎండిపోయి ఉంది. గుండె అన్నారు తర్వాత డాక్టర్లు. ముసలావిడ తలుపు దగ్గర నిలబడి గోడ మీద అరచేత్తో కొట్టుకుంటూ ఏడ్చింది. కాగితాలు రాసే అతను నన్ను మీరు ఆమెకి ఏమవుతారని అడిగాడు. పైన ఉంటానని చెప్పాను.

వాళ్ళింటికి ఫోన్ చేసి తెలుగులో చెప్పమని నాకే ఇచ్చారు. కూతురు ఎత్తింది. ఎలా చెప్పానో గుర్తులేదు. అంతా విని, "మీరు పైనింటి టీచరమ్మ గారేనా?" అని అడిగింది. అవునన్నాను. "మా అమ్మ సేతులు ఎట్లుండాయి మేడమ్?" అంది. ఆ అమ్మాయికి మతి తప్పిందేమో అనుకున్నాను. మామూలుగానే ఉన్నాయమ్మా అన్నాను. మనిషి ఊరు చేరడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. ఆ ఇరవై ఆరు రోజులూ నేను బడికి వెళ్ళాను, వండాను, క్యాంపువాళ్ళకి పెట్టాను. ఎవరు పోయారని సెలవు అడగాలి? బ్లాగులో మాత్రం మరి రాయలేదు. లింబాద్రి రెండుసార్లు, "పనిమనిషి పోతె ఇంతగనం బాధపడుతవేంది" అన్నాడు, కసురుతూ కాదు, అర్థంకాక.

ఇవాళ ముందుమాట సాగక, పోస్టుల కింది వ్యాఖ్యలు కూడా మొదటి నుంచి చదివాను. అచ్చులోకి పనికొచ్చేవి ఏమైనా ఉంటాయేమోనని. అప్పుడప్పుడూ విడివిడిగా చూసినవాటిని వరసగా చదవడం ఇదే మొదటిసారి. రాణి అనే పేరుతో ఒకమ్మాయి దాదాపు ప్రతి వారం రాసింది. వస్తువు గురించి ఒక్క మాట ఉండేది కాదు. 'చేతులు సన్నబడినట్టున్నాయి మేడమ్, బాగా తింటున్నారా?' 'ఈ వారం గోళ్ళు పగిలినట్టున్నాయేం?' 'చేతులు చూసి శాంతంగా ఉంది.' పెట్టని వారాల్లో, 'ఈ శుక్రవారం చేతులు రాలేదు. ఒంట్లో బాగుందా?' నన్ను అభిమానించే ఎవరో చిన్నపిల్ల అనుకుని, అన్నిటికీ మర్యాదగా జవాబిచ్చాను. 'బాగున్నానమ్మా.' 'తింటున్నానమ్మా.'

రెండువేల పదిహేను నవంబరు పోస్టులో చూపుడువేలికి గుడ్డ కట్టి ఉంది. కింద రాణి: 'వేలికి ఏమైంది?' నా జవాబు: 'చిన్నగా కాలింది. నొప్పి లేదు.' మళ్ళీ రాణి: 'కలబంద గుజ్జు రాయండి మేడమ్. మరిచిపోకుండా.' నా జవాబు: 'అలాగే.'

అక్కడ ఆగిపోయాను. ఆ మరుసటి శుక్రవారం చెంచులక్ష్మి వస్తూనే, "టీచరమ్మా, మీ కాడ కలబంద ఏమన్నా ఉందా?" అని అడిగింది. బాల్కనీ కుండీలోంచి ఒక మట్ట విరిచి ఇచ్చాను. ఎందుకని అడగలేదు.

ఇంకా వెనక్కి వెళ్ళాను జ్ఞాపకంలో. మొదటి నెలల్లో ఒకరోజు, ఈ బొమ్మలు ఫోన్లో ఎట్లా చూడాలో ఒక కాగితం మీద రాసివ్వమని అడిగింది. ఊరికి పోయే ఒకామెతో పంపాలంది. బ్లాగు చిరునామా రాసిచ్చి మర్చిపోయాను. ఎవరికి పంపిందో అడగలేదు. ఆమె దగ్గరున్నది బొమ్మలు రాని చిన్న ఫోను. ఊళ్ళో ఉన్న కూతురికి, ఈ రాణికి, నెలకి రెండుసార్లు గొంతు వినిపించేది. తల్లి కనిపించేది మాత్రం ఇక్కడ, నా పేరు కింద. అందుకే కొబ్బరినూనె. అందుకే పగిలిన వారాల్లో వద్దనడం. అందుకే పచ్చబొట్టు కనపడనీయమని బతిమాలడం. తల్లి పైకి వస్తోందని బయటపడి కింది ఇంట్లో గొడవ కాకుండా, ఆ పిల్ల నన్ను అడుగుతున్నట్టే తల్లిని అడిగింది. తల్లి గురించి నేను 'బాగున్నాను' అని జవాబిచ్చాను.

చివరి పోస్టు కింద, ఏప్రిల్‌లో, రాణి రాసింది ఒకటే ఉంది. దానికి నేను జవాబివ్వలేదు. 'పాత ఫోటోల్లో మణికట్టు దాకా ఉన్నది ఒక్కటైనా ఉంటే పెట్టండి మేడమ్.' గాజుల డిజైను కోసం అడుగుతోందనుకున్నాను.

కత్తిరించకముందు ఫోటోలన్నీ కెమెరాలోంచి ఈ లాప్‌టాప్‌లోకే దిగేవి. తెరిచాను. ఉన్నాయి. సంవత్సరాల వారీగా, నెలల వారీగా సర్ది పెట్టాను. సర్దడం నాకు బాగా వచ్చు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక లింబాద్రి దిలావర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. దిలావర్ సోఫా ఒత్తి చూశాడు, ఫ్రిజ్ తలుపు రెండుసార్లు తెరిచి మూశాడు. వంటింట్లో డబ్బాల ముందు నిలబడి, "ఇన్ కో భీ తావీజ్ బాంధా హై క్యా, భాభీ?" అని నవ్వాడు, డబ్బాలకి కూడా తాయెత్తులు కట్టావా అని. డబ్బాలూ లాప్‌టాప్ ఇవ్వడం లేదని చెప్పాను. అతను భుజాలెగరేసి మంచాలు చూడటానికి గదిలోకి వెళ్ళాడు.

"ముప్ఫై నాలుగు డబ్బాలు సూట్‌కేసుల వట్టుకపోతవా?" అన్నాడు లింబాద్రి.

"డబ్బాలు కాదు, దారాలు. వాటిని ఇవ్వాల్సినవాళ్ళు ఉన్నారు."

కూర్చోబెట్టి అంతా చెప్పాను. కూతురి సంగతి, వ్యాఖ్యల సంగతి. పుస్తకం వాళ్ళకి నిజం రాస్తానని, ఫోటోలు పూర్తిగా పెడతానని చెప్పాను. ఆయన మొదట మెత్తగానే మాట్లాడాడు. "పాపం, నిజమే. ఆ పిల్లకు ఫోటోలు పంపు. ఎవరు వద్దన్నరు? గాని బ్లాగుల ఎందుకు? ఇన్నేండ్లు అబద్ధమాడిందని అంటరు. పుస్తకం ఆగిపోతది. ఊరికి పోయినంక ఏదన్న మంచి బడిల అడుగుదమంటె నీకున్నది గదొక్కటే."

నిజమే. ఐదేళ్ళ ఇకామాలో నేను ఫలానావారి భార్యని. బడి రికార్డులో కొన్ని నెలలు ఉన్నాను, కొన్ని నెలలు లేను. నా పేరు ఒంటరిగా ఉన్నది ఆ బ్లాగు మీద మాత్రమే. అట్ట మీద ఆ పేరు చూసుకోవాలని ఎంత ఉందో నాకే తెలుసు. వాళ్ళు పంపిన నమూనా అట్టని రోజుకి ఒకసారైనా తెరిచి చూస్తున్నాను.

"అయినా ఎవరి చేతులైతేంది? ఇల్లు మనది, రాసింది నువ్వు" అన్నాడు.

నేను గోడ వైపు చూశాను. సర్టిఫికెట్ ఇంకా అక్కడే ఉంది. బట్టల మధ్య పెట్టి జాగ్రత్తగా పంపాలని ఆయన నిన్ననే చెప్పాడు.

"అది మీ ఐడియా అని మీరు చెప్పినప్పుడు వారం రోజులు మీతో సరిగ్గా మాట్లాడలేదు, గుర్తుందా? నా పేరు చెప్పలేదని. చెప్పాల్సింది నా పేరు కూడా కాదు" అన్నాను.

ఆయన లేచి దిలావర్ దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరూ మంచం విప్పుతున్న చప్పుడు వినిపించింది. మనస్వి వచ్చి నా పక్కన చేరింది. ఇక ఆట అయిపోయిందని చెప్పాను. ఏ ఆట అని అడగలేదు.

ప్రచురణ సంస్థకి ఉత్తరం రాశాను. దారాల పద్ధతి, బొంత, గింజల దండలు, ఫోటోల్లోని చేతులు రాయచోటి దగ్గరి చెంచులక్ష్మివి అని, నేను రాసింది మాటలు మాత్రమేనని, ఆమె పేరు ముందు వేసి ఆమె కూతురు ఒప్పుకుంటేనే పుస్తకం వేయమని, వద్దనుకుంటే నాకు అభ్యంతరం లేదని. బడిలో పిల్లల చేత రాయించినట్టు చిన్న చిన్న వాక్యాలు. కొట్టివేతలు లేకుండా వచ్చిన ముందుమాట అదొక్కటే.

ఫోటోలు పెట్టడం మొదలుపెట్టాను. కత్తిరించినవి తీసేసి, మణికట్టు దాకా, మోచేతి దాకా ఉన్నవి. కొన్నిటిలో ఆమె గడ్డం, నవ్వుతున్న సగం నోరు కూడా ఉన్నాయి. ప్రతిదాని కింద ఆమె పేరు రాశాను. ఐదు చుక్కల ముగ్గు మొదట పచ్చగా ఉండి, పోను పోను సున్నిపిండి రంగులోకి వెలిసిపోవడం ఐదేళ్ళూ వరసగా చూస్తే గాని తెలియలేదు. హాల్లో సోఫా పోయిన చోట నేల మీద కూర్చునే పని చేశాను. మనస్వి డబ్బాల దగ్గర నిలబడి, ముడులకి దూరంగా, వెనకవైపు కత్తిరించి దారాలు ఒక్కొక్కటే కవరులో వేసింది. లింబాద్రి ఆ దారిన వెళుతూ ఒకసారి ఆగాడు. తర్వాత కుర్చీ ఎక్కి గోడకున్న ఫ్రేము దించాడు. దాన్ని సూట్‌కేసులో పెట్టలేదు, పారేయనూ లేదు. గోడకి తిప్పి నిలబెట్టాడు.

అన్నీ పెట్టాక, రెండువేల పదిహేను నవంబరు పోస్టు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. 'వేలికి ఏమైంది?' అన్న ప్రశ్న కింద నా పాత జవాబు అలాగే ఉంది. దాన్ని చెరపలేదు. దాని కింద ఇలా రాశాను:

'రాణీ, మీ అమ్మకి ఆ రోజు పొయ్యి మీది పళ్ళెం తగిలి కాలింది. అయినా వచ్చి నాకోసం పదకొండు ముడులు వేసింది. నొప్పి ఉందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు.'